ఈజీఎఫ్ఆర్ లంగ్ క్యాన్సర్: ఒసిమెర్టినిబ్‌తోపాటే కీమో మొదలుపెట్టాలా, దాచి ఉంచాలా?

ఆంకో_విశాఖ: నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్, ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఎగ్జాన్ 19 డిలీషన్ లేదా ఎల్858ఆర్ అనే మార్పు. ఆ మార్పుపై పనిచేసే మాత్ర ఒసిమెర్టినిబ్ రోజూ 80 మి.గ్రా. ఒక్కటే సరిపోతుందా, మొదటి నుంచే కీమో మందులైన పెమెట్రెక్సెడ్, ప్లాటినం కలపాలా? ఈ రెండు పద్ధతుల్నీ పోల్చిన ఫ్లౌరా2 ట్రయల్‌లో 557 మంది. జబ్బు ముదరకుండా ఆగిన మధ్యస్థ కాలం 16.7 నెలల నుంచి 25.5కి పెరిగింది. నా ఓటు కలపడానికే.

లెక్కల_మనిషి: ఆ 25.5 చూసి మురిసిపోకండి. రెండు మందులు ఒకేసారి పడితే ముదరడం ఆలస్యమవడంలో వింతేముంది? తేలాల్సింది కలిపి ఇవ్వడం మేలా, ఒకటి పనిచేయడం మానేశాక రెండోది ఇవ్వడం మేలా అన్నది. మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో తర్వాత ఎందరికి కీమో అందిందో చూడకుండా ఆయుష్షు లెక్క చదవకూడదు. జపాన్‌లో జెఫిటినిబ్‌కి (ఇదే కోవలోని పాత మాత్ర) కీమో కలిపిన ఎన్‌ఈజే009 ట్రయల్‌లో మొదట ఆయుష్షు మాత్ర ఒక్కటే అయితే 38.8 నెలలు, కలిపితే 50.9 నెలలు అన్నారు. ఇంకొన్నాళ్లు గమనించాక ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు.

ఆంకో_విశాఖ: ఫ్లౌరా2లో ఆయుష్షూ 37.6 నుంచి 47.5 నెలలకు పెరిగింది కదండీ. ముంబయి టాటా మెమోరియల్ ట్రయల్‌లోనూ (జెఫిటినిబ్, 350 మంది) జబ్బు ముదరకుండా ఆగిన కాలం 8 నెలలు కాస్తా 16 అయ్యింది. 'తర్వాత ఇద్దాం' అని ఆగితే, జబ్బు ముదిరి మంచం పట్టినవాళ్లకి కీమో ఎక్కించగలమా?

ఫార్మసీ_బల్ల: ఫ్లౌరా2లో కలిపి ఇచ్చినవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు 64 శాతం, మాత్ర ఒక్కటే అయితే 27. అదీ రాయండి. పెమెట్రెక్సెడ్‌కి వారం ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, బీ12 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ చేయాలి. తర్వాత ప్రతి 9 వారాలకూ బీ12. ఇది తప్పితే నోరు పుండ్లు, రక్తకణాల పతనం. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల వడపోత వేగం, నిమిషానికి మి.లీ.లలో) 45 కన్నా తక్కువుంటే పెమెట్రెక్సెడ్ ఇవ్వరు.

అసలు పొరపాటు ప్లాటినం మందు కార్బోప్లాటిన్ మోతాదు దగ్గర. 60 ఏళ్ల ఆవిడ, 40 కిలోలు, క్రియాటినిన్ 0.4 అనుకోండి. వయసు, బరువు, క్రియాటినిన్‌తో లెక్కగట్టే సూత్రంలో వేస్తే క్లియరెన్స్ 94; ఏయూసీ (ఒంట్లో మందు ఎంత ఉండాలన్న లక్ష్యం) 5కి (94+25)×5, అంటే 595 మి.గ్రా. కండ కరిగిపోయింది కాబట్టి క్రియాటినిన్ తక్కువ, కిడ్నీ బాగుండి కాదు. 0.7గా తీసుకుంటే 395. ఈ 200 మి.గ్రా.తోనే ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

లెక్కల_మనిషి: ఒప్పుకుంటా. మెదడుకి పాకినవాళ్లకి కలపడంలో నాకూ పేచీ లేదు, లాభం అక్కడ బలంగా ఉంది. మెదడు ఎంఆర్‌ఐ శుభ్రంగా ఉన్న 78 ఏళ్ల పెద్దాయనకి మాత్రం మాత్రే. అన్నట్టు, కలపడమంటే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే మందులు) అనుకునేరు! ఒసిమెర్టినిబ్‌కి డుర్వాలుమాబ్ అనే అలాంటి మందు కలిపి చూసినప్పుడు ఊపిరితిత్తుల వాపు ఎక్కువై ఆ దారే మూసేశారు.