డ్రాగ్ క్వీన్‌ని మన భాషలో ఏమనాలి?

విజయనగరం నుంచి రాస్తున్నాను. సభ్యులు కాస్త సాయం పట్టాలి.

ఆదివారం ఇంట్లో 1995 నాటి హాలీవుడ్ కామెడీ ఒకటి పెట్టాం. పాట్రిక్ స్వేజీ, వెస్లీ స్నైప్స్, జాన్ లెగ్విజామో అందులో డ్రాగ్ క్వీన్లు, అంటే ఆడవాళ్లలా ఆర్భాటంగా ముస్తాబై ప్రదర్శనలిచ్చే మగవాళ్లు. న్యూయార్క్ నుంచి హాలీవుడ్‌కి పాత ఓపెన్ టాప్ కారులో బయల్దేరతారు. దారిలో కారు మొరాయించి ఓ చిన్న ఊళ్లో చిక్కుకుపోతారు. చివరికి ఊరు ఊరంతా వాళ్ల పక్షమే. సినిమాల్లో ఫైటింగులు చేసిన స్వేజీ గౌను సర్దుకుని కూర్చునే తీరు చూసి మా ఇంట్లో ఒకటే నవ్వు.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అమ్మ తలెత్తి, "ఈళ్లేటిరా, ఏ మేళమోళ్లు?" అంది. "డ్రాగ్ క్వీన్సమ్మా" అన్నాను. "అంటే?" అంది. అక్కడ ఆగిపోయాను.

'ఆడవేషగాడు' అందామంటే ఆ '-గాడు' దగ్గరే మర్యాద పోయింది. పైగా ఈ సినిమాలో మూడోవాడిని మిగతా ఇద్దరూ క్వీన్ అని ఒప్పుకోరు, నువ్వింకా ప్రిన్సెస్‌వే అంటారు. అంటే అది సంపాదించుకోవలసిన బిరుదన్నమాట. కిరీటం ఉన్న మాట కావాలి నాకు.

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు:
'స్త్రీ పాత్రధారి' ఉంది కదా బాబూ. స్థానం నరసింహారావు గారిని అలాగే అన్నాం, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు.

విజయనగరం:
నిజమే మాస్టారూ, కానీ అది కరపత్రంలో మాట. అమ్మతో అంటే "సదువుకున్నోడివి, నీకే తెలీదా" అంటుంది. 'మారువేషం' సంగతేమిటంటారు?

బొబ్బిలి మాస్టారు:
అది కుదరదు. మారువేషం ఎవరూ గుర్తుపట్టకుండా వేసేది. మీ ఊళ్లోనే 1892లో ఆడిన కన్యాశుల్కం చూడండి. కరటక శాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి, తీసుకెళ్లి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. బయటపడితే కొంప మునుగుతుంది, నవ్వంతా అందులోనే. మీ సినిమావాళ్లు నలుగురూ చూడాలనే ముస్తాబయ్యారు.

నరసన్నపేట నుంచి:
తమ్ముడూ, మాట మన జిల్లాల్లోనే ఉంది. తూర్పు భాగవతంలో సత్యభామ వేషం మగవాళ్లదే కదా. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు "ఈ రాత్రి భామ ఎవరు కడుతున్నారు?" అని అడిగేవారు. వేషం వేయడం కాదు, కట్టడం. 'వేషాలేస్తున్నావా' అంటే తిట్టు. 'వేషం కట్టాడు' అంటే పని తెలిసినవాడని.

ఒకసారి పందిరి వెనక్కి వెళ్లాను. భామ కట్టే తాత మొహానికి అర్దళం పూసుకుని, ముక్కుపుడక పెట్టుకుని, జడ ఒళ్లో వేసుకుని బీడీ కాలుస్తున్నాడు. "తాతా" అన్నాను. పలకలేదు. రెండోసారి పిలిస్తే పొగ వదులుతూ, "జడేసినాక సత్యభామనిరా గుంటడా, ఒంటి గంటకి తాతెక్కడుంటాడు?" అన్నాడు. తెల్లారాక చెరువు గట్టు మీద మొహం కడుక్కుంటుంటే మళ్లీ తాతే.

పలాస నుంచి:
అన్నా, బాగుంది గానీ ఒక పేచీ. భామ కట్టినాయన సత్యభామే అవుతాడు, పాత్ర ముందే ఉంది. డ్రాగ్ క్వీన్ పేరు, నడక, నోటి దురుసు అన్నీ సొంతంగా తయారుచేసుకుంటాడు. ఈ సినిమాలో వీడా, నాక్సీమా, చీచీ అనే పేర్లు ఏ పురాణంలోనూ లేవు. ఇంకోటి, దయచేసి ఎవరూ 'హిజ్రా' అని రాయకండి. అది మనిషి తానెవరో చెప్పే మాట, ఇది కట్టే వేషం. సినిమాలో నాక్సీమా కూడా ఈ తేడా కూర్చోబెట్టి చెబుతుంది.

విజయనగరం:
పలాస తమ్ముడి పేచీ న్యాయమే. రాతలో 'డ్రాగ్ క్వీన్' అనే ఉంచుతాను. సినిమా అనే మాటని ఇంట్లో పెట్టుకున్నాం, ఇదీ ఉంటుంది. కానీ నోటితో చెప్పాల్సి వస్తే నా ఓటు నరసన్నపేట అన్నకే. 'భామ'లో కాస్త టెక్కు ఉంది, 'క్వీన్'లో ఉన్నలాంటిదే. కూచిపూడిలోనైతే భామ మొహం చూపించకముందే తెర మీంచి జడ విసిరి పందెం కడుతుంది. అంత ధీమా 'స్త్రీ పాత్రధారి'లో ఎక్కడుంది మాస్టారూ?

ఇప్పుడే అమ్మకి చెప్పొచ్చాను, అమెరికాలో భామ కట్టేవాళ్లమ్మా అని. "అలగని సెప్పవేటి మరి" అని మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుంది. పావుగంట కళ్లార్పకుండా చూసింది. ఇప్పుడు కొత్త ప్రశ్న: "భామంటావు, ఒక్కదానికీ జడ లేదేటిరా?"