అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ మార్టీ షాటెన్‌హైమర్: 200 గెలుపులు, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు)లో 5-13. తప్పు పద్ధతిదా, అదృష్టానిదా?

నాలుగోడౌన్:
హాల్ ఆఫ్ ఫేమ్ (ఆట దిగ్గజాల గౌరవ జాబితా) కోచ్‌ల గురించి మాట వచ్చినప్పుడల్లా వాదన షాటెన్‌హైమర్ దగ్గరికి వచ్చి ఆగిపోతోంది. అందుకే విడిగా ఈ థ్రెడ్. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ (1984-88), కాన్సస్ సిటీ చీఫ్స్ (1989-98), వాషింగ్టన్ (2001), శాన్ డియాగో చార్జర్స్ (2002-06) కలిపి రెగ్యులర్ సీజన్‌లో 200 గెలుపులు, 126 ఓటములు, ఒక టై. ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్)లో 200 అందుకున్న హెడ్ కోచ్‌లు ఏడుగురే. వాళ్ళలో ఒక్క టైటిల్ కూడా లేనిది ఇతనికే. ప్లేఆఫ్స్‌లో 18 ఆడి 13 ఓడాడు. హెడ్ కోచ్‌గా సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్ళనే లేదు.

నా దృష్టిలో కారణం అతని ఆటే. మార్టీబాల్ అంటే బంతి పట్టుకుని పరుగెత్తడం, డిఫెన్స్‌ని నమ్ముకోవడం, రిస్క్ తీసుకోకుండా పంట్ చేసి (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేసి) వాళ్ళ తప్పు కోసం కాచుకుని ఉండటం. అక్టోబర్‌లో బలహీన జట్లు ఆ తప్పు చేస్తాయి. జనవరిలో, అంటే ప్లేఆఫ్స్‌లో, మిగిలే జట్లు అంత తేలిగ్గా చెయ్యవు.

స్టాట్‌షీట్:
ముందు ఆ 13 ఓటముల స్కోర్లు చూడండి. మయామీ చేతిలో 24-21 (1985 సీజన్), డెన్వర్ 23-20 (1986), డెన్వర్ 38-33 (1987), హ్యూస్టన్ 24-23 (1988), మయామీ 17-16 (1990), బఫెలో 37-14 (1991), శాన్ డియాగో 17-0 (1992), బఫెలో 30-13 (1993), మయామీ 27-17 (1994), ఇండియానాపొలిస్ కోల్ట్స్ 10-7 (1995), డెన్వర్ 14-10 (1997), న్యూయార్క్ జెట్స్ 20-17 (2004), న్యూ ఇంగ్లండ్ 24-21 (2006).

ఏడు ఓటముల్లో తేడా మూడు పాయింట్లు, లేదా అంతకంటే తక్కువ. అంటే ఒక్క ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ పోస్టుల మధ్యకి పంపితే వచ్చే మూడు పాయింట్లు). ఇంకో రెండు ఐదు పాయింట్ల లోపు. చిత్తుగా ఓడినవి నాలుగే.

ఎదురుగా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి దాడి నడిపేవాడు) ఎవరో కూడా చూడండి. ఎల్వే 3, మరీనో 3, కెల్లీ 2, మూన్ 1, బ్రేడీ 1. పదమూడింట పది ఓటములు ఈ ఐదుగురు దిగ్గజాల చేతుల్లోనే. మార్టీకి ఆ స్థాయివాడు చేతికొచ్చింది 1993లో. అదీ 37 ఏళ్ళ వయసులో ఉన్న మొంటానా. మార్టీ ఒకే సీజన్‌లో రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు గెలిచింది ఆ ఒక్కసారే.

నాలుగోడౌన్:
స్టాట్‌షీట్ గారూ, ఈ లెక్క నా వాదననే బలపరుస్తుంది. 1995, 1997లో చీఫ్స్ 13-3. 2006లో చార్జర్స్ 14-2. మూడుసార్లూ ఏఎఫ్‌సీ (లీగ్‌లో సగం జట్ల విభాగం)లో టాప్ సీడ్, మూడుసార్లూ సొంత మైదానంలో మొదటి మ్యాచ్‌లోనే ఔట్. మీది బలమైన జట్టయితే ఆట పొడుగవ్వాలి, పొసెషన్లు పెరగాలి. ఎన్నిసార్లు బంతి చేతికొస్తే మీ బలం అన్నిసార్లు పనిచేస్తుంది. మార్టీ చేసింది దీనికి సరిగ్గా తిరగబెట్టి: గడియారం నడిపించి, పొసెషన్లు తగ్గించి, స్కోరు 10-7కి కుదించడం. అక్కడికి వచ్చాక గెలుపు కికర్ కాలి మీద ఉంటుంది. కోల్ట్స్ మీద లిన్ ఇలియట్ మూడు ఫీల్డ్ గోల్స్ పోగొట్టాడు, నిజమే. మ్యాచ్ మొత్తంలో ఒక్క టచ్‌డౌనే (బంతిని అవతలి గీత దాటించడం, ఆరు పాయింట్లు) చేసిన జట్టు కదా అతని మీద అంత భారం పెట్టింది?

2004 సీజన్‌లో జెట్స్‌తో ఓవర్‌టైమ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. బంతి జెట్స్ 22 యార్డ్ లైన్ మీద, ఫస్ట్ డౌన్ (పది యార్డులు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మొదటిది). వరసగా మూడుసార్లు బంతితో పరుగెత్తే టామ్లిన్‌సన్‌కే ఇచ్చారు, బంతి ఉన్నచోటే ఉంది. 22కి ఎండ్ జోన్ 10, హోల్డర్ (కిక్ కోసం బంతి నిలబెట్టేవాడు) కూర్చునే 7-8 కలిపితే 40 యార్డుల కిక్. మైదానం తడిగా ఉంది, కికర్ నేట్ కేడింగ్ రూకీ (అదే అతని తొలి సీజన్). కుడివైపుకి పోయింది. ఒక్క చిన్న పాస్‌తో ఏడు యార్డులు దొరికినా అది 33 యార్డుల కిక్ అయ్యేది. ఆ తర్వాత జెట్స్ వచ్చి 28 యార్డుల నుంచి కొట్టి గెలిచారు.

బోల్ట్స్_ఫ్యాన్:
2004 సంగతి ఒప్పుకుంటాను. కానీ అదే కొలత 2006కి పెడితే కుదరదండీ. న్యూ ఇంగ్లండ్ మీద మొదటి క్వార్టర్‌లోనే ఫోర్త్ అండ్ 11 (నాలుగో డౌన్, ఇంకా 11 యార్డులు కావాలి), బంతి వాళ్ళ 30 మీద. భయస్తుడైన కోచ్ 48 యార్డుల కిక్ కొట్టిస్తాడు. ఆ ఏడాది కేడింగ్ ప్రో బౌల్ (లీగ్ ఆల్-స్టార్ మ్యాచ్) కికర్ కూడా. మార్టీ కిక్ వద్దని పాస్‌కి వెళ్ళాడు. మన క్వార్టర్‌బ్యాక్ ఫిలిప్ రివర్స్‌ని సాక్ చేశారు (పాస్ వేసేలోపే పడేశారు), బంతి కూడా జారింది. ఆఖరి తేడా మూడు పాయింట్లు! కొట్టిస్తే పిరికివాడు, కొట్టించకపోతే తెలివితక్కువవాడు అంటే ఎలా?

ఇక అసలు ఘట్టం. మనకి 21-13 ఆధిక్యం, ఆరున్నర నిమిషాల లోపు ఆట మిగిలింది, న్యూ ఇంగ్లండ్‌కి ఫోర్త్ అండ్ 5. బ్రేడీ పాస్‌ని మన మార్లన్ మక్రీ పట్టుకున్నాడు. అక్కడే కిందపడినా, బంతిని పట్టకుండా నేలకు కొట్టినా చాలు, నాలుగో డౌన్ కాబట్టి బంతి ఎలాగూ మనదే. అతను పరుగెత్తాడు. ట్రాయ్ బ్రౌన్ వెనకనుంచి బంతి లాగేశాడు, న్యూ ఇంగ్లండ్‌కి మళ్ళీ ఫస్ట్ డౌన్. నోటికాడ ముద్ద జారిపోయింది. టచ్‌డౌన్, రెండు పాయింట్ల కన్వర్షన్, తర్వాత ఫీల్డ్ గోల్, 24-21. ఇందులో మార్టీ తప్పు నాకు కనిపించేది ఒకటే: ఆ ఫంబుల్ (బంతి చేజారిందన్న) తీర్పుని చాలెంజ్ చేసి టైమ్‌అవుట్ పోగొట్టడం. అది మిగిలి ఉంటే కేడింగ్ ఆఖరి కిక్ 54 యార్డుల నుంచి కొట్టాల్సి వచ్చేది కాదేమో.

ఇంకోటి. మార్టీని తీసేసి నార్వ్ టర్నర్‌ని తెచ్చారు. 2009 సీజన్‌లో అదే జెట్స్ చేతిలో అదే కేడింగ్ మూడుకి మూడు పోగొట్టాడు, 17-14 ఓటమి. అప్పుడు మార్టీబాల్ ఎక్కడుంది?

క్లీవ్‌లాండ్_తెలుగు:
అందరూ మార్టీబాల్ అని ఒకే ముద్ర వేస్తున్నారు గానీ బ్రౌన్స్ ఆట వేరు. లిండీ ఇన్‌ఫాంటే నడిపిన అఫెన్స్ (దాడి ఆట), క్వార్టర్‌బ్యాక్ బెర్నీ కోసార్ పాస్‌లు. 1987 సీజన్ ఏఎఫ్‌సీ ఫైనల్లో డెన్వర్‌లో హాఫ్‌టైమ్‌కి 21-3 వెనకబడి 31-31 దాకా తెచ్చారు. పరుగు ఆట నమ్ముకున్న జట్టు అలా తిరిగి రాలేదు. 1:12 ఉండగా గోల్ లైన్ దగ్గర మన బైనర్ చేతిలో బంతి ఊడింది. ఆరోజు అతను 187 యార్డులు, రెండు టచ్‌డౌన్లు చేశాడు, ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

అంతకు ముందు ఏడాది ‘ది డ్రైవ్’ విషయంలో మాత్రం తప్పు పడతాను. ఎల్వే సొంత 2 యార్డ్ లైన్ నుంచి 98 యార్డులు, 15 ప్లేలు. మధ్యలో ఎల్వేను సాక్ చేసి థర్డ్ అండ్ 18కి నెట్టారు. అంత పని చేసిన డిఫెన్స్ ఆ తర్వాతి ప్లేలోనే 20 యార్డులు ఇచ్చేసింది. 37 సెకన్లు ఉండగా స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో బంతి ముందు బ్రౌన్స్‌కే వచ్చింది, మూడు ప్లేలు ఆడి పంట్ చేశారు.

నా అసలు ఫిర్యాదు ఆటగాళ్ళ ఎంపిక మీద. 1997లో చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ గ్రబాక్ గాయపడితే గానన్ ఆడి ఆరింట ఐదు గెలిపించాడు. ప్లేఆఫ్స్‌కి గ్రబాక్ కోలుకోగానే గానన్‌ని కూర్చోబెట్టారు, 14-10 ఓటమి. గానన్ 2002లో రైడర్స్ తరఫున లీగ్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. గాయంతో తన స్థానం పోకూడదన్నది మంచి నియమమే గానీ జనవరిలో ఫామ్‌లో ఉన్నవాణ్ణి మార్చకూడదు.

స్టాట్‌షీట్:
గానన్ విషయం ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర జవాబు లేదు. హాల్ ఆఫ్ ఫేమ్ సంగతికి వస్తే, కోచ్ డాన్ కొరియెల్ 2023లో చేరాడు. 111 గెలుపులు, ప్లేఆఫ్స్‌లో 3-6, సూపర్ బౌల్ లేదు. ఆటని మార్చాడన్నది అతనికి పనికొచ్చిన వాదన. మార్టీ మనుషుల్ని తయారుచేశాడు. బిల్ కౌవర్, టోనీ డంగీ, మైక్ మెకార్తీ, బ్రూస్ ఏరియన్స్: నలుగురూ చీఫ్స్‌లో అతని కింద పనిచేసినవాళ్ళే, నలుగురూ హెడ్ కోచ్‌లుగా సూపర్ బౌల్ గెలిచారు.

నాలుగోడౌన్:
హాల్ విషయంలో నేనూ మీ పక్షమే. 200 గెలుపులు, ఆ నలుగురు శిష్యులు చాలు. కానీ ప్లేఆఫ్ ఓటముల్ని దురదృష్టం ఖాతాలో వెయ్యొద్దు. బ్రౌన్స్ అఫెన్స్ తెరిచి ఆడినప్పుడు 18 పాయింట్ల లోటు పూడ్చారని క్లీవ్‌లాండ్_తెలుగు గారే అన్నారు. మొంటానాతో రెండు మ్యాచ్‌లు గెలిచింది కూడా పాల్ హాకెట్ తెచ్చిన వెస్ట్ కోస్ట్ అఫెన్స్ (చిన్న చిన్న పాస్‌ల ఆట)తోనే. అతనికి ఆ దారి తెలుసు, రెండేళ్ళకే 10-7 ఆటకి తిరిగొచ్చాడు.

బోల్ట్స్_ఫ్యాన్:
1995లో ఆ ఆట ఆడింది క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ బోనోతో అండీ. ఆరోజు మూడు ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళకి చిక్కిన పాస్‌లు) విసిరాడు. అతని చేత ఇంకో పది పాస్‌లు వేయించి ఉంటే స్కోరు 17-7 అయ్యేది, కోల్ట్స్‌కి.