అప్‌డేట్: ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ తిప్పలు తీరాయి

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లులో కాటా లెక్కలు రాసే సర్వర్, ధాన్యం లారీలు బారులు తీరే వేళకు ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ (ఒకేసారి తెరిచిన ఫైళ్లు పరిమితి దాటాయి) అంటూ ఆగిపోతోందని, లినక్స్‌లో ఇలాంటి పరిమితులు రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైలులో దాన్ని పెంచినా ఫలితం లేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టు నడుస్తున్న ప్రోగ్రాంల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) నంబరు కింద లిమిట్స్ ఫైలు తెరిచి చూస్తే, సాఫ్ట్ లిమిట్ (అమల్లో ఉన్న పరిమితి) ఇంకా 1024 దగ్గరే ఉంది! లిమిట్స్.కాన్ఫ్ లాగిన్ సెషన్లకే వర్తిస్తుంది; సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే ప్రోగ్రాం) నడిపే సర్వీసులు దాన్ని పట్టించుకోవు. మా సర్వీసు సెట్టింగులుండే యూనిట్ ఫైలులో లిమిట్‌నోఫైల్ 65536 అని రాసి, సిస్టమ్‌డీ ఆ మార్పును చదివేలా డీమన్ రీలోడ్ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టాను. కాటా దగ్గర లారీలు ఇప్పుడు నిలబడిపోవడం లేదు.

అయితే ప్రాక్‌లో ఆ ప్రాసెస్ నంబరు కిందే, తెరిచి ఉన్నవాటిని చూపే ఎఫ్‌డీ ఫోల్డర్‌లో సాకెట్లు (కనెక్షన్లు; ఇవీ తెరిచిన ఫైళ్ల లెక్కలోకే వస్తాయి) గంటగంటకూ పెరుగుతున్నాయి. కాటాతో తెరిచిన కనెక్షన్‌ను ప్రోగ్రాం మూయడం లేదు. పరిమితి ఎంత పెంచినా ఇది ఎప్పుడో ఒకనాడు నిండుతుంది. కోడ్ సరిచేయాల్సిందేనని రాసినవారి దగ్గర పట్టుబట్టాను. దారి చూపినవారందరికీ కృతజ్ఞతలు.