బీగిల్ ‘ఉల్లాసవంతమైనది’ అంటే, అసలు అర్థం ఏమిటి?

రెండో అంతస్తు, అనంతపురం:
మా అమ్మాయికి పదేళ్లు. కుక్కపిల్ల కావాలని ఆర్నెల్లుగా అడుగుతోంది, చివరికి సరే అన్నాను. సాయినగర్‌లో రెండో అంతస్తు అద్దె ఇల్లు మాది, లిఫ్టు లేదు. నేనూ మా ఆవిడా ఉదయం తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఆరుకే రావడం. ఇంట్లో మా అమ్మ ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో. జాతుల గురించి చదువుతుంటే ప్రతి కుక్కా బంగారమే. బీగిల్ ‘ఉల్లాసవంతమైనది’, ల్యాబ్రడార్ ‘కుటుంబ మిత్రుడు’, హస్కీ ‘స్వతంత్ర భావాలు గలది’. పెళ్లిళ్ల పేరయ్య మాటల్లా ఉన్నాయి. బీగిల్ చిన్నది కదా, సరిపోతుందని నా ఆలోచన. బెంగళూరులో ఒకాయన ఫొటోలు పంపి అడ్వాన్సు అడుగుతున్నాడు. ఏమంటారు?

మందకాపరి మనవడు, కళ్యాణదుర్గం:
హస్కీ ఊసు ఎత్తకండి. సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బండ్లు లాగించడానికి పెంచిన జాతి అది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మన దగ్గర ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే. రోజంతా ఏసీ వేసి ఆ బిల్లు కడతారా?
మా తాత కుక్కలకు జాతి పేరే లేదు. పిల్లను తెచ్చుకునే ముందు దాని తల్లి మంద దగ్గర ఎలా మసలుతుందో రెండు మూడు రోజులు కూర్చుని చూసేవాడు. మీరు ఫొటో చూసి డబ్బు పంపుతారా!

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
పెళ్లిళ్ల పేరయ్య అన్నారు కదా, సరిగ్గా పట్టుకున్నారు నాయనా. ఆయన అబద్ధం చెప్పడు. కోపిష్టిని ‘ఖచ్చితమైన మనిషి’ అంటాడు, అంతే.
మా బుజ్జిగాడు బీగిల్. పదకొండేళ్లు మాతో ఉన్నాడు. ఇంగ్లండులో కుందేళ్ల వేటకు గుంపులుగా పెంచిన జాతి. కుక్కలు నేలకు ముక్కు ఆనించి ముందు పోతాయి, వాసన దొరికితే గొంతెత్తుతాయి, ఆ అరుపును బట్టి వేటగాళ్లు వెనక వస్తారు. ఇక మీ ఇల్లు తలచుకోండి. గుంపులో బతికే కుక్క, ఒంటరిగా ఉంచితే ఏడుస్తుంది. దూరానికి వినపడాలని పెంచిన గొంతు, మీ ఇంటి ఓనరుకు వినపడదా? వాసన తగిలాక మాత్రం మీ పిలుపు దాని చెవికెక్కదు. ఒక ఆదివారం మావాడు గేటు సందులోంచి జారి, రెండు వీధుల అవతల పెళ్లివారి వంటల దగ్గర తేలాడు. వంటమనిషి పందిరి గుంజకు కట్టేసి ఉంచాడు. “మీదేనా అమ్మా? అరకిలో మాంసం లెక్కకు రావడం లేదు” అన్నాడు. ఆ డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. ‘ఉల్లాసం’ అంటే ఇదీ.
‘స్వతంత్ర భావాలు’ అంటే పిలిస్తే రాదు. ‘అప్రమత్తం’ అంటే పాలవాడికీ, పేపరువాడికీ, పిల్లికీ సమానంగా మొరుగుతుంది. నాకు అన్నిటికన్నా భయం ‘తెలివైనది’ అన్న మాట. అలాంటి కుక్కకు మీరు పని చూపకపోతే, మీ సోఫాలోనో పరుపులోనో అదే వెతుక్కుంటుంది.
ల్యాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ జాలర్ల దగ్గర నీళ్లలోంచి చేపలు, తాళ్లు నోటితో పట్టి తెచ్చేవి. అందుకే దానికి నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి, మీ ఇంట్లో అది చెప్పు. పైగా ముప్ఫై కిలోల కుక్కకు తుంటి కీళ్లు పట్టేస్తే, రెండంతస్తులు ఎవరు మోస్తారు?
రెండు నెలల పిల్లను పగలు రెండు మూడు గంటలకోసారి కిందికి దించాలి. మీరిద్దరూ ఆఫీసులో ఉంటే ఆ పని మీ అమ్మగారిది. ఆవిడను అడిగారా? ముందు ఒక నెల మీ అమ్మాయిని రోజూ ఉదయం అయిదున్నరకు ఉత్త గొలుసు పట్టుకుని మెట్లు దిగి, వీధి తిరిగి రమ్మనండి. కుక్క సంగతి తర్వాత.

పశువైద్య విద్యార్థి, ప్రొద్దుటూరు:
హంద్రీ ఒడ్డు అమ్మగారి మాటకు చిన్న సవరణ. 2022లో ‘సైన్స్’ పత్రికలో అమెరికా పరిశోధకులు 18 వేలకు పైగా కుక్కల యజమానుల జవాబులు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు పరిశీలించి రాశారు. ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వివరించగలిగేది 9 శాతమే. చెప్పిన మాట వినడం వంటి కొన్ని గుణాల్లో మాత్రం దాని ప్రభావం ఎక్కువ. అందుకే తాతగారి పద్ధతే నయం. తల్లిని చూపించనంటే ఆ బేరం వదిలేయండి. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పత్రాలు వంశం చెబుతాయి, తుంటి కీళ్ల ఆరోగ్యం కాదు.

హంద్రీ ఒడ్డు:
అయితే మా బుజ్జిగాడు ఆ తొమ్మిది శాతాన్నీ మూటగట్టుకుని పుట్టాడన్నమాట.

రెండో అంతస్తు:
బెంగళూరాయనను తల్లి వీడియో అడిగాను. “తల్లి ఊరెళ్లింది” అని జవాబు. అడ్వాన్సు పంపలేదు. మా అమ్మను అడిగితే, “ఇన్నాళ్లకు గుర్తొచ్చానా?” అంది, తర్వాత ఏమీ అనలేదు. గొలుసు కొన్నాను. ఈ రోజు నాలుగో రోజు. మా అమ్మాయి నాలుగు రోజులూ లేచింది. తోడు వెళ్లాల్సిన నేను రెండు రోజులు లేవలేదు.