గోల్ఫ్ ఆడేవాళ్ళు అథ్లెట్లా కాదా? (రోరీ ప్లేఆఫ్ చూసినాక)

అలిపిరి_మధు:
2025 మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ ప్లేఆఫ్ (సమానమైతే గెలుపు తేల్చేదానికి ఆడే అదనపు ఆట) రాత్రి మళ్ళా చూసినా. చివరిదైన పద్దెనిమిదో హోల్లో ఐదడుగుల పట్ (గుంతలోకి బాల్ దొర్లించే షాట్) వేస్తే రోరీ మెకిల్‌రాయ్‌దే టైటిల్, అది కాస్తా పోయింది. జస్టిన్ రోజ్‌తో 11 అండర్ (లెక్క ప్రకారం పట్టాల్సిన షాట్లకన్నా 11 తక్కువ) దగ్గర సమానం. మళ్ళా అదే హోల్‌కి పోయి ఆడాల. వేరేవాడైతే అక్కడే చేతులెత్తేసేవాడు, ఈయన రెండో షాట్ జెండా పక్కనే దింపి బర్డీ (లెక్కకన్నా ఒక షాట్ తక్కువ) కొట్టి మోకాళ్ళ మీద పడిపోయి ఏడ్చినాడు. 2014 తర్వాత అప్పటిదాకా ఒక్క మేజర్ (నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) లేదు పాపం. ఇది చూసి కూడా గోల్ఫర్లు అథ్లెట్లు కాదనేవాళ్ళు ఎవురన్నా ఉండారా?

ఐదువేల_మీటర్లు:
నేనుండా. బ్యాగు మోసేది ఎవురన్నా? కేడీ. సొంత సామాను మోసుకోనోడు అథ్లెట్ ఎట్లయితాడు?

పీలేరు_బాబు:
క్రికెట్లో కూడా నీళ్ళు వేరేవాడే తెచ్చిస్తాడు కదా

అలిపిరి_మధు:
బ్యాగునే పట్టుకోవద్దమ్మా. 2008 యూఎస్ ఓపెన్లో టైగర్ వుడ్స్ ఎడమ మోకాల్లో లిగమెంట్ తెగుండాది, కాలెముకలో పగుళ్ళు. కుడిచేతి ఆటగాడు స్వింగ్ చేస్తే బరువంతా వచ్చి ఆ ఎడమ కాలి మీదే పడతాది. 72 హోల్స్ తర్వాత రోకో మీడియేట్‌తో సమానమై సోమవారం ఇంకో 18 హోల్స్ ఆడినారు, అప్పుడూ సమానమే, ఇంకో హోల్ ఆడి గెలిచినాడు, మొత్తం 91 హోల్స్. డ్రైవ్ కొట్టినప్పుడల్లా ఆయన మొహం చూడు ఒకసారి.

ఐదువేల_మీటర్లు:
నేను చెప్పేదీ అదే! విరిగిన కాలితో గెలవొచ్చంటే ఆ ఆటలో కాలికి పనేముండాది? ఆ కాలితో ట్రాక్ మీద ఒక్క రౌండ్ పరిగెత్తమను చూద్దాం. 2009 బ్రిటిష్ ఓపెన్లో టామ్ వాట్సన్ 59 ఏళ్ళకి ప్లేఆఫ్ దాకా వచ్చినాడు. నాకు 29కే మోకాళ్ళు పోయినాయి.

చిత్తూరు_వకీలు:
దీని మీద కేసే నడిచింది. కాలి జబ్బుండే కేసీ మార్టిన్ అనే గోల్ఫర్ బండిలో తిరగనీండి అని అడిగితే, నడక ఆటలో భాగం, అలసటే పరీక్ష అని పీజీఏ టూర్ (అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే సంస్థ) వాదించింది. 2001లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో మార్టిన్‌కే తీర్పిచ్చింది. ఐదు మైళ్ళ నడక, ఐదు గంటలు, ఖర్చయ్యేది 500 కేలరీలు, అదేం పెద్ద అలసట కాదు అనేసినారు.

అలిపిరి_మధు:
నడక వదిలెయ్ సార్, స్వింగ్ చూడు. రోరీ డ్రైవర్ (దూరం కొట్టే గోల్ఫ్ క్లబ్, అంటే కర్ర) వేగం గంటకి 120 మైళ్ళు దాటుతాది. ఆ వేగంలో క్లబ్ కొన్ని డిగ్రీలు పక్కకి తిరిగితే బాల్ చెట్లల్లోకి పోతాది. ఒలింపిక్స్‌లో కూడా 2016లో మళ్ళా పెట్టినారు. ఐదువేల మేడమ్‌కి గోల్ఫ్ అంటే ఎందుకో అంత కడుపుమంట.

ఐదువేల_మీటర్లు:
కడుపుమంటేనన్నా, చెప్తా విను. ఎస్వీయూ గ్రౌండ్లో తెల్లారుజామున ఐదుకే పోయి, కుట్లూడిపోయిన బూట్లు నైలాన్ దారంతో కుట్టుకోని పరిగెత్తినా. మా కాలేజీ వార్షికోత్సవంలో బెస్ట్ అథ్లెట్ కప్పు ఎవురికిచ్చినారు? సెలవులకి బెంగళూరు పోయి గోల్ఫ్ నేర్చుకునే అబ్బాయికి. వాళ్ళ నాయన ముఖ్య అతిథి. నాకు ఒక సర్టిఫికెట్ ఇచ్చినారు, దాంట్లో పేరు కూడా తప్పే. ఆ పొద్దు స్టేజీ కింద నిలబడి చప్పట్లు కొట్టింది నేను.

పీలేరు_బాబు:
😔

అలిపిరి_మధు:
అది మీ కాలేజీ చేసిన అన్యాయం. రోరీ ఏం చేసినాడమ్మా? అలీ షేర్ ఢిల్లీలో కేడీగా మొదలుపెట్టి 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు, అర్జున అవార్డు కూడా ఇచ్చినారు.

ఐదువేల_మీటర్లు:
ఆయన్ని ఒప్పుకుంటా. బ్యాగు మోసినాడు.

అలిపిరి_మధు:
మళ్ళా బ్యాగేనా!

ఐదువేల_మీటర్లు:
బ్యాగే. ఆట కష్టం కాదని నేను అనలేదు, ఆడేదానికి చోటు దొరికేది ఎవురికి అని అడుగుతాండా. గ్రౌండ్లో పరిగెత్తే మా పిల్లోళ్ళకి ఒక క్లబ్బు కొనిచ్చి, రోజూ ఆడేదానికి యాడ చోటుండాదో చూపించు. అప్పుడు అథ్లెట్లా కాదా అని మాట్లాడదాం.

చిత్తూరు_వకీలు:
మధూ, దీనికి జవాబు చెప్పు.