సమస్యాపూరణం: “సగము చేసినపుడె సంఖ్య నిలుచు”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. పూరణకు వస్తువుగా జీవశాస్త్రంలో హాప్లోసిస్ అనే అరుదైన మాట ఒకటి ఉన్నది. ‘ఒంటి’ అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి పుట్టిన ఈ మాట, బీజకణాలు (అండం, శుక్రకణం వంటివి) ఏర్పడేటప్పుడు, వంశలక్షణాలను మోసే పోగులైన క్రోమోజోముల సంఖ్య సగానికి దిగడాన్ని మాత్రమే చెబుతుంది. మన పాఠ్యపుస్తకాల్లోని క్షయకరణ విభజన ఆ మొత్తం ప్రక్రియకు పేరు. 1883లో బెల్జియం శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాన్ బెనెడెన్ గుర్రపు పేగుల్లో ఉండే ఏలికపాము గుడ్డును పరిశీలించి, తల్లి వైపు నుండి రెండు, తండ్రి వైపు నుండి రెండు క్రోమోజోములు చేరి నాలుగవుతున్నాయని చూపాడు. సగం చేయడమంటే తగ్గించడమే కదా, మరి సంఖ్య నిలవడమేమిటన్నదే ఇందులోని చిక్కు. అర్ధనారీశ్వరుణ్ణి తెచ్చి తప్పించుకోవద్దని మనవి. ఎవరో ఒకరు తెస్తారని తెలిసే ముందుగా చెబుతున్నాను.

మొదటి పూరణ:

తల్లి యిచ్చు సగము తండ్రి యిచ్చు సగము
కలసి బిడ్డయందు గణన కుదురు;
తరముతరమునందు దాని రెట్టింపౌనె?
సగము చేసినపుడె సంఖ్య నిలుచు.

విమర్శ:
ధార చక్కగా ఉన్నది. మూడవ పాదంలోని ప్రశ్నే పద్యానికి ప్రాణం, ఎందుకంటే బీజకణాల్లో సగం కాకపోతే మనిషి కణంలోని 46 క్రోమోజోములు మరుసటి తరంలో 92, ఆపై 184 అవుతూ పోవాలి. అయితే, అయ్యా, పద్యంలో ఎక్కడా కణమన్న మాట లేదు. ఆస్తి పంపకాల పద్యమని చదువుకున్నా సరిపోతుంది.

రెండవ పూరణ:

చర్మకణము చీలు సమముగా రెండుగ
బీజకణము కూడ వీడు నటులె;
ఇరువదియును మూడు యెంచగా మిగులును
సగము చేసినపుడె సంఖ్య నిలుచు.

విమర్శ:
ఇందులో రెండు దోషాలున్నాయి, ఒకటి వ్యాకరణానిది, రెండవది శాస్త్రానిది. ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం కనుక ‘మూడు యెంచగా’ అని యడాగమం చేయరాదు. ‘మూడె యెంచగా’ అంటే ఒక్క గుణింతం మార్పుతో దోషం తొలగుతుంది, గణం చెడదు, అర్థానికి బిగువు కూడా వస్తుంది. శాస్త్రదోషం ‘అటులె’ దగ్గర ఉన్నది. చర్మకణం చీలేటప్పుడు ప్రతి క్రోమోజోమూ నిలువునా రెండు పోగులై, పిల్లకణాలు రెంటికీ 46 చొప్పునే అందుతాయి. బీజకణాలను పుట్టించే బీజమాతృకణంలో మొదట తల్లి క్రోమోజోమూ తండ్రి క్రోమోజోమూ జతకట్టి, కొన్ని ముక్కలు మార్చుకొని, ఆ మీదట ప్రతి జతలోని రెండూ విడిపోయి చెరొక కణంలోకి పోతాయి, సగమయ్యేది అక్కడ. ప్రయోగశాలలో ఉల్లి పూమొగ్గను చీల్చి, లోపలి పరాగకోశాన్ని అసిటోకార్మిన్ అనే రంగు చుక్కలో నలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, ఎర్రటి ఎనిమిది జతలు కణం నడుమ బారులు తీరి కనబడతాయి. సరైన దశ కంటబడే వరకు ఎన్ని మొగ్గలు పాడుచేశామో అడగవద్దు. రెండవ పాదాన్ని ‘బీజమాతృకణము వేరు రీతి’ అని మార్చితే బీ–వే యతి నిలుస్తుంది, విషయమూ నిలుస్తుంది.

రెండవ పూరణ కర్త:
రెండు సవరణలూ శిరోధార్యం. ‘అటులె’ యతి కోసం కాదు, తెలియకే వేశాను.

మూడవ పూరణ:

తండ్రి లేని పోతు తాతఁ గలిగియుండు
తేనెపట్టులోన తెలియరండి;
రాణి గుడ్డులోన రహిఁ బదునారయ్యె
సగము చేసినపుడె సంఖ్య నిలుచు.

విమర్శ:
అమ్మా, ఎత్తుగడ అద్భుతం. ఫలదీకరణ జరగని గుడ్డు నుండి పోతుటీగ పుడుతుంది కనుక దానికి తండ్రి లేడు. రాణికి తండ్రి ఉన్నాడు కనుక తాత ఉన్నాడు. రాణిలోని 32 గుడ్డులో 16 అయ్యాయి. ‘రహిఁ’ మాత్రం యతి కోసం వచ్చిన వ్యర్థపదం. ‘రాశి సగంబయ్యె’ అంటే పోతుంది. అసలు ఆక్షేపణ వేరే ఉన్నది. పోతుటీగ తన బీజకణాలను తయారుచేసేటప్పుడు సగం చేయదు, 16ను 16గానే ఉంచుతుంది. అప్పుడు ‘చేసినపుడె’ అన్న అవధారణం (‘అప్పుడు మాత్రమే’ అనే నొక్కు) మీ పద్యంలోనే భంగపడదా?

మూడవ పూరణ కర్త్రి:
ఆచార్యులవారికి నమస్కారం. ‘రహి’ని వదులుకుంటాను గాని పదునారును వదులుకోలేను; పాదాన్ని మళ్ళీ కట్టి పంపుతాను. ఆక్షేపణకు నా సమాధానం ఇది: పోతు 16, రాణి గుడ్డు 16 కలిసి కూలి ఈగలో 32 అవుతున్నాయంటే, ఆ కూడికలోని రెండు పదహార్లూ ఏదో ఒక రాణి సగం చేసినవే. తల్లి కడుపులోనే సగమైనవాడు మళ్ళీ సగం కావలసిన పని లేదు కదా.

నిర్వాహకుడు:
సమాధానం అంగీకరిస్తున్నాను. కంచరగాడిదను ఎవరూ పట్టుకోకపోవడం ఆశ్చర్యం: గుర్రం 32, గాడిద 31 ఇవ్వగా దానికి 63 వచ్చాయి, జతలు సరిగా కుదరవు, సంతానం దాదాపు కలగదు. గడువు రేపు సాయంత్రం వరకు ఉన్నది.