ఒక్క విల్లీ బ్రౌన్‌ను దించడానికి అందరికీ పదవీ గడువు పెట్టాలా?

గోదావరి గట్టు:
టెక్సస్‌లోని మినియోలాలో పుట్టి, పదిహేడేళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, గదులు ఊడ్చే పని చేసుకుంటూ లా చదివిన నల్లజాతి డెమోక్రాట్ నాయకుడు విల్లీ బ్రౌన్. 1962లో ఓడి, 1964లో కాలిఫోర్నియా అసెంబ్లీకి గెలిచారు. 1980 డిసెంబరు నుంచి 1995 దాకా స్పీకర్. అక్కడ స్పీకరంటే తటస్థంగా కూర్చునే పెద్దమనిషి కాదు (ఇక్కడ మాత్రం అంతేనా అని అడగకండి). కమిటీలు, విరాళాలు, ఆఫీసు గదులు అన్నీ ఆయన చేతిలోనే. 1988లో సొంత పార్టీవాళ్లు అయిదుగురు తిరగబడితే కమిటీ పదవులు ఊడగొట్టారు. 1990లో ప్రజలే ఓటేసి, అసెంబ్లీలో ఎవరికైనా ఆరేళ్లు చాలన్నారు. మంచి పనే చేశారు.

చట్టసభల పిచ్చి:
ఆరేళ్లలో బడ్జెట్ చదవడం వచ్చేసరికి ఇంటికి పొమ్మంటే ఎలాగండీ? గడువు సభ్యులకే గానీ, కంపెనీల తరఫున సభ్యుల చుట్టూ తిరిగి పనులు చేయించుకునే లాబీయిస్టులకు లేదు కదా! పైగా 1990లో ప్రజలు ఓటేసిన అదే ప్రతిపాదనతో చట్టసభ ఖర్చుకూ కోత పెట్టారు. బిల్లు చదివి లోపం చెప్పే ఉద్యోగులు పోతే, కొత్త సభ్యుడు ఎవరిని అడుగుతాడు? తలుపు దగ్గర నిలబడ్డ లాబీయిస్టునే.

గోదావరి గట్టు:
మరి 1994 సంగతి? ఎన్నికల్లో రిపబ్లికన్లకు 41, డెమోక్రాట్లకు 39. అయినా కుర్చీ వదల్లేదు. పాల్ హార్చర్ అనే రిపబ్లికన్ పార్టీ వదిలి ఆయనకు ఓటేస్తే లెక్క 40-40 అయింది. ఇంకో రిపబ్లికన్ రాష్ట్ర సెనేట్‌కూ (పై సభకు) గెలిచాడు కాబట్టి ఇక్కడ చెల్లడని తేల్చి, 1995 జనవరిలో మళ్లీ స్పీకరయ్యారు. జూన్‌లో దిగినప్పుడు కూడా డెమోక్రాట్ల ఓట్లతో డోరిస్ ఆలెన్ అనే రిపబ్లికన్‌ను కూర్చోబెట్టి దిగారు!

చట్టసభల పిచ్చి:
మీ ఉదాహరణే మీకు అడ్డం తిరిగింది. ఇదంతా గడువు చట్టం వచ్చిన నాలుగేళ్లకు జరిగింది, అది దేన్ని ఆపింది? హార్చర్‌ను మాత్రం ఆ నియోజకవర్గం వాళ్లే 1995 మేలో ఓటేసి మధ్యలోనే పదవి నుంచి వెనక్కి పిలిచారు (రీకాల్). మనకు ఫిరాయింపుల చట్టం ఉందిగానీ ఆ హక్కు ఓటరుకు లేదు. నాకు నచ్చే మందు అదీ. బ్రౌన్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కో మేయరై ఎనిమిదేళ్లు ఉన్నారు. ఆయన మాట అటుంచితే, 2012లో కాలిఫోర్నియా ఓటర్లే ఆ గడువును సవరించి, ఒకే సభలో పన్నెండేళ్ల దాకా ఉండొచ్చన్నారు.

గోదావరి గట్టు:
సవరించారు, ఎత్తేయలేదు. అది కూడా రాయండి.